ప్రాక్టికల్స్ అయ్యాక ల్యాబ్‌కి తాళం వేయకండి: కెమిస్ట్రీ లెక్చరర్లకు ఒక బహిరంగ లేఖ

రెండు తెలుగు రాష్ట్రాల జూనియర్ కాలేజీల్లో కెమిస్ట్రీ చెబుతున్న లెక్చరర్లకు, ఆ కాలేజీల ప్రిన్సిపాళ్లకు,

నమస్కారం.

నేను 31 ఏళ్లు ఇంటర్ పిల్లలకి కెమిస్ట్రీ చెప్పి రిటైరైనవాణ్ని. సర్వీసులో ఉండగా చెప్పలేని మాటలు కొన్ని ఇప్పుడు చెప్పొచ్చు కాబట్టి ఈ లేఖ రాస్తున్నాను. ముందు నా తప్పు ఒకటి ఒప్పుకుంటాను. నా సర్వీసులో కొన్ని వేల ప్రాక్టికల్ రికార్డుల మీద సంతకం పెట్టాను. వాటిలో ఒక్కదాంట్లో కూడా ఫెయిలైన ప్రయోగం చూడలేదు. కొన్ని వేల మంది పిల్లలు సాల్ట్ ఎనాలిసిస్, అంటే ఇచ్చిన లవణం ఏదో కనిపెట్టే ప్రయోగం చేస్తే, అందరికీ అన్ని అవక్షేపాలూ పుస్తకంలో ఉన్న రంగులోనే వచ్చాయట. ప్రపంచంలో ఏ ల్యాబ్‌కీ ఇంత గొప్ప చరిత్ర ఉండదు.

అది ఎలా జరిగిందో మీకు నేను చెప్పాలా? సీనియర్ల రికార్డు జూనియర్లకి వస్తుంది. దాన్ని చూసి ఒకటే రాత్రి కూర్చుని దించేస్తారు. బొమ్మలు చెల్లెలు వేస్తుంది. ఎగ్జామ్ రోజు టెస్ట్ ట్యూబ్‌లో ఏ సాల్టు ఉందో అటెండర్ కనుసైగతో చెప్తాడు. మనం కిటికీలోంచి బయటకి చూస్తూ నిలబడతాం. ముప్పైకి ముప్పై.

పిల్లల్ని తప్పుపట్టడానికి రాయడం లేదిది. రంగు చూడటమే పనిగా ఉన్న ఒక సబ్జెక్టుని, రంగు చూడకుండానే పాసయ్యేలా మనం తయారు చేశాం. రిటైరయ్యే ముందు సంవత్సరం నేను చేసిన ఒక మూడు రోజుల పని గురించి చెప్పి, మీరూ అలాంటిది పెట్టమని అడగడానికే రాస్తున్నాను.

నిజానికి ఆ ఆలోచన నాది కాదు. పక్క హైస్కూల్లో ఒక డ్రాయింగ్ మాస్టారు ఉండేవారు. ఇద్దరం ఒకే బస్సులో వెళ్లేవాళ్లం. ఒకరోజు ఆయన, "మీ ల్యాబ్‌లో రంగులన్నీ సీసాల్లో పెట్టి తాళం వేస్తారు. మా పిల్లలకేమో వాటర్ కలర్ డబ్బా కొనడానికి డబ్బుల్లేవు. ఇదేం న్యాయం సార్?" అన్నారు. నవ్వుకున్నాం. కానీ ఆ మాట నన్ను వదల్లేదు. అంతకు ముందు నేను పనిచేసిన ఒక కాలేజీలో ఇలాంటిదే అడిగితే, "సిలబస్‌లో ఉందా? లేదు కదా?" అని ఒక్క ముక్కలో తేల్చేశారు. ఈసారి నేను ఎవర్నీ అడగలేదు. ప్రాక్టికల్స్ అయిపోయాయి, థియరీ పరీక్షలకి ఇంకా టైముంది, ల్యాబ్ తాళం నా జేబులోనే ఉంది. సెకండియర్ పిల్లలు పరీక్షల టెన్షన్‌లో ఉంటారని ఫస్టియర్ వాళ్లని ఎక్కువగా తీసుకున్నాను. కాలేజీ నుంచి పద్నాలుగు మంది, హైస్కూల్ నుంచి పది మంది. డ్రాయింగ్ మాస్టారు. శ్రీకాళహస్తిలో కలంకారీ వేసే ఒక అక్క. నేను. మా అటెండర్.

మొదటి రోజు అక్క బస్సు దిగుతూ ఒక కుండ పట్టుకొచ్చింది. మూతికి గుడ్డ కట్టి ఉంది. గుడ్డ విప్పగానే ల్యాబంతా పుల్లటి వాసన. "సార్, హెచ్‌టూఎస్ కంటే ఇదే ఘోరంగా ఉంది" అని, కుళ్లిన గుడ్ల వాసనొచ్చే ఆ గ్యాస్‌కి అలవాటుపడ్డ అటెండర్ కిటికీలన్నీ తెరిచాడు. అది కసిమి. తుప్పు పట్టిన ఇనప ముక్కలు, బెల్లం, నీళ్లు కుండలో వేసి మూడు వారాల పాటు పులవబెడితే వచ్చే నీళ్లు. బెల్లం పులిసి ఆమ్లమవుతుంది, ఆ ఆమ్లం ఇనుముని కరిగించుకుంటుంది. మన భాషలో చెప్పాలంటే ఎక్కువ భాగం ఐరన్ ఎసిటేట్. అక్కకి ఆ పేరుతో పని లేదు. వేలు ముంచి నాలిక మీద పెట్టుకుని "అయ్యింది" అంది. ల్యాబ్‌లో ఏదీ నోట్లో పెట్టుకోకూడదని అప్పుడే పిల్లలకి అరగంట క్లాసు పీకి ఉన్నాను. నా మొహం చూసి పిల్లలు ఒకటే నవ్వు.

బట్టని ఆమె ఇంటి దగ్గరే సిద్ధం చేసి తెచ్చింది. కోరా బట్టని ఉతికి, కరక్కాయ పొడి, గేదె పాలు కలిపిన నీళ్లలో నానబెట్టి ఎండబెట్టింది. పాలెందుకంటే, పాలల్లో కొవ్వు ఉంటుంది కాబట్టి కలం గీత పక్కకి పాకదు. చూడ్డానికి లేత పసుపు బట్ట, అంతే. వెదురు పుల్లకి ఉన్ని చుట్టిన కలాన్ని కసిమిలో ముంచింది. కుండలో ఆ నీళ్లు పల్చటి టీ రంగులో ఉన్నాయి. పుల్ల బట్టకి తాకిందో లేదో, గీత నల్లబడింది. మెల్లగా కాదు, కళ్ల ముందే. ఆమె నెమలి మెడ ఒక్క ఊపులో గీసి తల ఎత్తేలోగా మెడంతా నలుపు.

ఫస్టియర్ పిల్లలు "వావ్" అన్నారు. సెకండియర్ అమ్మాయి ఒకతి, మొత్తం క్లాసులో నోరు విప్పని పిల్ల, "సార్, ఇది ఫినాల్ టెస్ట్ కదా?" అంది.

అదే. ఫినాల్‌కి న్యూట్రల్ ఫెర్రిక్ క్లోరైడ్ వేస్తే వయొలెట్ రంగు వస్తుందని ఆ పిల్ల రికార్డులో రాసుకుంది. కరక్కాయలో ఉండే టానిన్లు కూడా ఫినాల్ కుటుంబమే. ఇనుము దొరికితే నల్లబడతాయి. పూర్వం మన తాతలు రాసిన సిరాల్లో కొన్ని ఇదే లెక్క. నేను 31 ఏళ్లలో ఎన్నిసార్లు ఆ టెస్ట్ చెప్పానో. ఒక్కసారి కూడా నెమలి మెడ గుర్తుకు రాలేదు.

ఎరుపు ఇంకా బాగుంటుంది. ఎరుపు కావాల్సిన చోట అక్క పటిక నీళ్లు పూసింది. పటిక నీళ్లకి రంగు లేదు కదా, పిల్లలకి ఏమీ కనపడలేదు. "ఏం పూశావక్కా?" అంటే "రేపు చూస్తారులే" అంది. మర్నాడు బయట చెట్టు కింద స్టవ్ పెట్టి, మంజిష్ట వేర్లు వేసిన నీళ్లలో బట్టని మరిగించింది. తీసేసరికి పటిక పూసిన చోట మాత్రమే ఎరుపు గట్టిగా పట్టుకుంది. మిగతా చోట పట్టిన లేత రంగు ఉతికితే పోతుంది. అల్యూమినియం అయాను ఒక చేత్తో నూలు పోగుని, ఇంకో చేత్తో రంగుని పట్టుకుంటుంది అని చెప్పాను. సాల్ట్ ఎనాలిసిస్ థర్డ్ గ్రూప్‌లో అల్యూమినియానికి చేసే "లేక్ టెస్ట్" సరిగ్గా ఇదే, అక్కడ అల్యూమినియం అవక్షేపం లిట్మస్ నీలాన్ని పట్టుకుని తేలుతుంది. పిల్లలు లేక్ అంటే చెరువు అనుకుంటారు, నీలం చెరువులా తేలుతుంది కాబట్టి ఆ పేరని రాసిన వాళ్లు కూడా ఉన్నారు. ఆ ఇంగ్లిషు మాట మన లక్క నుంచే పోయింది. సంస్కృతంలో లాక్షా, మనకి లక్క, అరబ్బుల మీదుగా వెళ్లి అక్కడ రంగుకి పేరైంది. ఈ సంగతి సిలబస్‌లో లేదు, నాకు తెలుసు.

రెండో రోజు నీలం. దీని కోసం బయట కొన్నది ఒకే ఒక్కటి, ఫెర్రిక్ అమ్మోనియం సిట్రేట్. పొటాషియం ఫెర్రీ సయనైడ్ మన బీరువాల్లో ఎప్పటి నుంచో ఉంటుంది. మొదటిది 100 మిల్లీలీటర్ల నీళ్లకి 25 గ్రాములు, రెండోది 100కి 10 గ్రాములు. వేరువేరుగా కలిపి, పని మొదలుపెట్టే ముందు సమానంగా కలపాలి. కిటికీలకి దుప్పట్లు కట్టి, చీకట్లో డ్రాయింగ్ షీట్ల మీద బ్రష్‌తో పూసి ఆరబెట్టాం. ఆ కాగితం మీద ఆకు పెట్టి, పైన అద్దం పెట్టి ఎండలో ఉంచితే, వెలుగు తగిలిన చోట ఇనుము ఫెర్రిక్ రూపం నుంచి ఫెర్రస్ రూపానికి మారుతుంది, అది ఫెర్రీ సయనైడ్‌తో కలిసి ప్రష్యన్ బ్లూ అనే ముదురు నీలం రంగు అవుతుంది. ఆకు నీడ పడిన చోట మందు మారకుండా ఉండి నీళ్లలో కడిగితే పోతుంది. 1842లో జాన్ హెర్షెల్ కనిపెట్టిన పద్ధతి ఇది. మరుసటి ఏడాదే అన్నా అట్కిన్స్ అనే ఆవిడ సముద్రపు నాచు మొక్కల్ని ఇలా ముద్రించి పుస్తకంగా తేవడం మొదలుపెట్టింది. ఒకప్పుడు ఇంజనీర్లు బ్లూప్రింట్ అన్నది కూడా దీన్నే.

మన ఎండ గురించి చెప్పేదేముంది. పది నిమిషాలు చాలు. డాబా మీద వేప రెమ్మలు, కరివేపాకు, చింతాకు, ఎవరో ఒకడు తన బస్ పాస్ కూడా పెట్టాడు. బకెట్‌లో వేసి అటూ ఇటూ ఊపుతుంటే పసుపు నీళ్లుగా కారిపోయి కింద నుంచి నీలం తేలుతుంది. చింతాకులో ఒక్కో చిన్న రేకూ విడివిడిగా పడింది.

ఒక అబ్బాయి ఆకుని కడిగి తుడవకుండా పెట్టాడు. వాడి కాగితం మీద ఆకు సరిగా పడలేదు. చుట్టూ మబ్బు పట్టినట్టు తెల్లటి అంచు, మధ్యలో ఇటుక రంగు మరక. నలిపి పారేయబోయాడు. డ్రాయింగ్ మాస్టారు లాక్కుని, గోడకి అన్నిటికంటే ముందు దాన్ని అంటించారు. "ఇది ఎందుకిలా వచ్చిందో చెప్పినవాడికి సమోసా" అన్నారు. గంట సేపు ఇరవై నాలుగు మంది ఆ మరక చుట్టూ చేరారు. తడికి మందు కరిగి పక్కకి పారిందని ఒకరు. ఆకు రసం వల్ల అని ఒకరు. అద్దం కింద ఆవిరి పట్టిందని ఇంకొకరు. ఎవరిది కరెక్టో తేల్చడానికి వాళ్లంతట వాళ్లే మళ్లీ మూడు రకాలుగా చేశారు. ఒకటి తడి ఆకు, ఒకటి పొడి ఆకు మీద నీటి చుక్క, ఒకటి నలిపిన ఆకు. నేను ఏ ఒక్కదాన్నీ చెప్పలేదు. నా సర్వీసులో పిల్లలు కంట్రోల్ పెట్టి, అంటే ఒకదానితో ఒకటి పోల్చి చూసేలా, ప్రయోగం చేయడం నేను చూసిన మొదటిసారి అదే అని రాయడానికి నాకు సిగ్గుగా ఉంది.

ప్రష్యన్ బ్లూ పుట్టుక కూడా ఇలాంటిదే. 1706 ప్రాంతంలో బెర్లిన్‌లో డీస్‌బాఖ్ అనే రంగుల తయారీదారు ఎరుపు కోసం పని చేస్తుంటే, వాడిన పొటాష్ కల్తీది కావడంతో నీలం వచ్చింది. మన రికార్డు పుస్తకంలో అయితే ఆయన ఆ పేజీ చింపేసి, పక్కవాడి దాంట్లో చూసి "ఎరుపు" అని రాసుకునేవాడు.

ఆ రోజు సాయంత్రం ఒక ఫోన్ వచ్చింది. ఒకబ్బాయి ఇంటికెళ్లి "నాన్నా, ఇవాళ సయనైడ్‌తో బొమ్మలు వేశాం" అని చెప్పాడట. తండ్రి గొంతు వణుకుతోంది. నిజం చెప్పాలంటే ఆయన భయం తప్పు కాదు. ఫెర్రీ సయనైడ్‌లో సయనైడ్‌ని ఇనుము గట్టిగా పట్టుకుని ఉంటుంది, కాబట్టి మామూలుగా చేతికి తగిలితే ప్రమాదం లేదు. కానీ గాఢమైన ఆమ్లంతో కలిపి వేడి చేస్తే విషవాయువు వస్తుంది. అందుకే ఆ మూడు రోజులూ ఆసిడ్ సీసాలన్నీ వేరే గదిలో పెట్టి తాళం వేశాను. విషాలైన లెడ్, మెర్క్యురీ, క్రోమేట్ లవణాల్ని దగ్గరకి రానివ్వలేదు. బంగారు రేకుల్లా మెరిసే లెడ్ అయొడైడ్ స్ఫటికాల్ని వదులుకోవడం బాధే, అయినా వద్దు. కాపర్ సల్ఫేట్ నీళ్లు సింకులో పోయకుండా ఒక బకెట్‌లో పట్టి, అందులో పాత మేకులు వేశాం. మేకుల మీద రాగి పేరుకుంది. వాటిని కూడా ఎవరో దారానికి కట్టి కిటికీకి వేలాడదీశారు. ఈ జాగ్రత్తల గురించి ఆ తండ్రికి ఫోన్లోనే చెప్పాను. మర్నాడు ఆయనే వచ్చి మధ్యాహ్నం దాకా కూర్చున్నాడు, వెళ్తూ వెళ్తూ తన అరచేతిని నీలంలో ముద్ర వేయించుకుని పోయాడు.

మూడో రోజు ఫిల్టర్ పేపర్లు. జర్మనీలో రూంగే అని ఒక కెమిస్ట్ ఉండేవాడు. 1819లో కాఫీ గింజల నుంచి కెఫీన్ తీసింది ఆయనే, ఆ గింజలిచ్చి చేసి చూడమన్నది కవి గోథే. అదే రూంగే 1855లో ఒక పుస్తకం తెచ్చాడు. అందులో బొమ్మలు ఎవరూ గీసినవి కావు. కాగితం మీద ఒక లవణం చుక్క, దాని మీద ఇంకో లవణం చుక్క వేస్తే అవే పాకి, అవే ఆగి, పువ్వుల్లా విచ్చుకున్నవి. మేం కాపర్ సల్ఫేట్‌లో తడిపి ఆరబెట్టిన ఫిల్టర్ పేపర్ మధ్యలో పొటాషియం ఫెర్రో సయనైడ్ చుక్కలు వేశాం. చాక్లెట్ రంగు వృత్తం, అంచున ముదురు గీత. ఫెర్రిక్ క్లోరైడ్ తగిలిన చోట నీలం. సాల్ట్ ఎనాలిసిస్‌లో ఈ రెండు టెస్టులూ మనవే, కాపర్‌కి చాక్లెట్ బ్రౌన్, ఫెర్రిక్‌కి నీలం. ట్యూబ్‌లో అయితే అది ఒక బురద. కాగితం మీద అయితే చూపు తిప్పుకోలేం.

డ్రాయింగ్ మాస్టారు చాలా సేపు చూసి, "సార్, ఈ గీత ఇక్కడే ఎందుకు ఆగింది?" అని అడిగారు. నా దగ్గర వెంటనే జవాబు లేదు. తర్వాత తోచింది. కాపర్ ఫెర్రో సయనైడ్ అంటే మనం ఆస్మాసిస్ పాఠంలో చెప్పే సెమీ పర్మియబుల్ పొర, నీళ్లని పోనిచ్చి అందులో కరిగినవాటిని ఆపేది. అవక్షేపం తనకు తానే గోడ కట్టుకుని ఉండొచ్చు. బహుశా అన్నాను, ఖాయంగా అనలేదు. క్లాసులో నేను బహుశా అనే మాట వాడి ఎన్నేళ్లయిందో.

ఆ సాయంత్రం ఇంకో తమాషా జరిగింది. కొన్ని నీలం ముద్రల్ని చాకలి సోడా నీళ్లలో ముంచితే నీలం పోయి లేత పసుపు మిగిలింది. వాటిని చిక్కటి టీ డికాక్షన్‌లో వేస్తే గోధుమ రంగు మీదుగా నలుపుకి తిరిగాయి. కలంకారీ అక్క ఊరికి పోవడానికి సంచి సర్దుకుంటూ ఆగి, "ఇదేంది సార్, ఇది మా కసిమి నలుపే కదా!" అంది. అవును. బట్ట మీద కరక్కాయ ముందు, ఇనుము తర్వాత. కాగితం మీద ఇనుము ముందు, టీ తర్వాత. టీలోనూ ఉండేవి టానిన్లే. మూడు రోజుల నుంచి నేను చెప్పాలనుకుంటున్న మాటని ఆమె కళ్లతో చూసి చెప్పేసింది.

ఇదంతా ఆట అని మీలో చాలామంది అనుకుంటారని తెలుసు. ఎంసెట్ (ఇప్పుడు ఈఏపీసెట్), నీట్, జేఈఈ ముందు పెట్టుకుని బొమ్మలేంటి అంటారు. దానికి నేను భీమవరంలో పుట్టిన బయోకెమిస్ట్ యల్లాప్రగడ సుబ్బారావు గారిని అడ్డం పెట్టుకుంటాను. 1925లో ఆయన, హార్వర్డ్‌లో ఆయనతో పనిచేసిన ఫిస్క్ కలిసి ఫాస్ఫరస్‌ని కొలిచే పద్ధతి ప్రకటించారు. ఫాస్ఫేట్ ఎంత ఉంటే నీలం అంత చిక్కగా వస్తుంది, ఆ చిక్కదనాన్ని బట్టి లెక్క. అయితే కండరం నుంచి తీసిన ద్రవంతో చేస్తే నీలం రావాల్సినంత త్వరగా రాలేదు, మెల్లమెల్లగా ముదిరింది. మన పిల్లాడైతే గడియారం చూసుకుని పుస్తకంలో ఉన్న రీడింగ్ వేసుకునేవాడు. వాళ్లు ఆ ఆలస్యం వెంటపడ్డారు. ఆ వెంటపడటంలోనే కండరాల్లో శక్తిని నిల్వ చేసే ఫాస్ఫోక్రియాటిన్ బయటపడింది, 1927లో ప్రకటించారు. ఒక నీలం కొంచెం ఆలస్యంగా వచ్చిందని గమనించడం ఎంత పనో చూడండి. ఆ చూపు రికార్డు దించితే రాదు.

ఇక నేను అడిగేవి. ప్రాక్టికల్స్ అయ్యాక మూడు రోజులు ల్యాబ్ తెరిచి ఉంచండి. మీ ఊళ్లో డ్రాయింగ్ టీచర్ ఎక్కడున్నా పిలవండి, ఆయనకి ఓడీ (సెలవు పోకుండా డ్యూటీలో ఉన్నట్టే లెక్క) ఇవ్వమని వాళ్ల హెడ్‌మాస్టర్‌కి ప్రిన్సిపాళ్లే ఒక ఉత్తరం రాయండి. మా మాస్టారు మూడు రోజులు సెలవు పెట్టుకుని వచ్చారు, అది నాకు ఇప్పటికీ బాధ. దగ్గర్లో చేతిపని తెలిసిన మనిషిని పిలవండి, భోజనం పెట్టి ఊరుకోకుండా కూలి ఇవ్వండి. కృష్ణా జిల్లా వాళ్లకి పెడన కలంకారీ అద్దకం అచ్చులున్నాయి. చీరాల, పుట్టపాక వైపు వాళ్లకి తేలియా రుమాల్ నేత ఉంది, నూలుని నూనెలో, బూడిద నీళ్లలో మళ్లీ మళ్లీ తడిపే ఆ పని మొత్తం కెమిస్ట్రీయే. మాకు అక్క కూలి పోగా అయిన ఖర్చు మూడు వేలు దాటలేదు.

ఇంకొక్కటి, ఇది అన్నిటికంటే ముఖ్యం. రికార్డులో ఒక్క పేజీ, ఒకే ఒక్క పేజీ, పిల్లాడు తను చేసిన ముద్రనో, బట్ట ముక్కనో అంటించి, అనుకున్నది రాకపోతే ఎందుకు రాలేదో తన మాటల్లో రాసే పేజీగా వదలండి. దానికి మార్కులు వేయకండి. మార్కులు వేస్తే మరుసటి ఏడాది అది కూడా దించేస్తారు. సంతకం మాత్రం పెట్టండి.

చేయాలనుకునేవాళ్లకి ఒక చిన్న సూచన. కసిమికి మూడు వారాలు పడుతుంది, అక్కడ తొందర పనికిరాదు. సంక్రాంతి అరిసెలకి తెచ్చిన బెల్లంలో ఒక ముక్క మిగుల్చుకోండి. పాత మట్టి కుండ, గుప్పెడు తుప్పు మేకులు, కుండ సగానికి నీళ్లు. మూతికి గుడ్డ కట్టండి, గట్టి మూత పెట్టొద్దు, గ్యాస్ పోవాలి. వరండాలో ఒక మూల పెట్టి, అటెండర్‌కి ముందే చెప్పి ఉంచండి, లేకపోతే వాసనకి పారబోస్తాడు. మా వాడు ఒకసారి పారబోశాడు.

ఇట్లు,
మీలో ఒకడిగా ఉండి రిటైరైన ఒక కెమిస్ట్రీ లెక్చరర్